కంచె అవతల డేటా సెంటర్

వాషింగ్టన్ నగరానికి వాయవ్యాన సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో ఉంది ఆష్‌బర్న్. డల్లెస్ విమానాశ్రయంలో దిగబోయే విమానం ఉత్తరం వైపు నుంచి వస్తే, కిటికీ పక్కన కూర్చున్నవారికి చదునైన తెల్లటి పైకప్పులు వరుసగా కనిపిస్తాయి. ఒక్కో కప్పు ఎకరాల కొద్దీ పరుచుకుని ఉంటుంది. కప్పు నిండా బారులు తీరిన ఫ్యాన్లు, గోడ పక్కన బారులు తీరిన డీజిల్ జనరేటర్లు. గోడలకు కిటికీలు దాదాపు ఉండవు. లోపల ఏ కంపెనీ ఉందో చెప్పే బోర్డు కూడా చాలావాటికి ఉండదు. వీటిని ఆనుకునే వంపులు తిరిగిన వీధులు, ముందు పచ్చిక, వెనుక చెక్క డెక్ ఉన్న రెండంతస్తుల ఇళ్లు. కొన్నిచోట్ల ఈ రెండు లోకాల మధ్య ఉన్నది ఒక రోడ్డు, ఒక చెట్ల వరుస మాత్రమే.

ఆష్‌బర్న్ ఉన్నది వర్జీనియా రాష్ట్రంలోని లౌడన్ కౌంటీలో. ఈ ఒక్క కౌంటీలోనే సుమారు 200 డేటా సెంటర్లు ఉన్నాయి. వాటి విస్తీర్ణం నాలుగు కోట్ల చదరపు అడుగులు దాటింది. అంటే తొమ్మిది వందల ఎకరాలకు పైగా గచ్చు, దాని మీద సర్వర్ల బీరువాలు. ప్రపంచంలో ఇంత దట్టంగా డేటా సెంటర్లున్న చోటు మరొకటి లేదు. చుట్టుపక్కల కౌంటీలనూ కలుపుకుని ఉత్తర వర్జీనియా మొత్తాన్ని తీసుకుంటే, ప్రపంచ డేటా సెంటర్ల సామర్థ్యంలో 13 శాతం ఇక్కడే ఉందని రాష్ట్ర శాసనసభ తనిఖీ సంఘం జేలార్క్ 2024 డిసెంబరులో లెక్క చెప్పింది. 2025 అక్టోబరు 20న ఉత్తర వర్జీనియాలోని అమెజాన్ క్లౌడ్ వ్యవస్థలో చిన్న లోపం తలెత్తితే, ప్రపంచమంతటా వందలాది యాప్‌లు గంటల తరబడి మొరాయించాయి. ఎక్కడో ఆకాశంలో ఉన్నట్టు మనం చెప్పుకునే క్లౌడుకు నేల మీద చిరునామా ఉందని, ఆ చిరునామాకు ఇరుగుపొరుగు కూడా ఉన్నారని ఆ రోజు చాలామందికి తెలిసొచ్చింది.

ఆ ఇరుగుపొరుగులో మనవాళ్లు చాలామంది. ఆష్‌బర్న్, బ్రాంబుల్టన్, సౌత్ రైడింగ్, ఆల్డీ ప్రాంతాల్లో ఇరవై ఏళ్లుగా తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. సాయంత్రం వేళ పార్కుల్లో తాతయ్యలు, అమ్మమ్మలు తెలుగులోనే కబుర్లాడుకుంటూ నడుస్తారు. వాళ్ల పిల్లల్లో ఎందరో బతుకుతెరువు కోసం నమ్ముకున్నది ఈ క్లౌడునే. ఇప్పుడు వాళ్ల ఇంటి వెనుక కంచె దాటితే ఉన్నదీ అదే. అందుకే ఈ ఊరి కథ మనకు పరాయి కథ కాదు.

పాడి ఊరు

లౌడన్ కౌంటీ 1757లో ఏర్పడింది. రెండు వందల ఏళ్ల పాటు గోధుమ, మొక్కజొన్న, పాడి, గుర్రాలే దీని సంపద. ఆష్‌బర్న్‌ను మొదట ఫార్మ్‌వెల్ అనేవారు, 1896లో పేరు మారింది. ఊళ్లో ఇప్పటికీ ఒక గది చెక్క బడి ఉంది. నల్లజాతి పిల్లల కోసం 1892లో కట్టిన ఆ బడి అరవై ఏళ్లకు పైగా నడిచింది. 2016లో కొందరు దాని గోడల నిండా ద్వేషపు రాతలు రాస్తే, స్థానికులు చందాలు వేసుకుని బాగుచేసుకున్నారు. డేటా సెంటర్లు చూడటానికి వచ్చినవారు ఆ చిన్న కట్టడాన్నీ చూసి వెళ్లాలి. ఈ నేల ఎంత త్వరగా ఎంత మారిందో దాని ముందు నిలబడితే అర్థమవుతుంది.

ఊరి మీదుగా వెళ్లిన రైలు మార్గం 1860 నాటికి లీస్‌బర్గ్ చేరింది. ఆష్‌బర్న్ పాలు ఆ రైల్లోనే నగరానికి వెళ్లేవి. 1968లో రైలు ఆగిపోయింది. ఆ దారిని కొన్నది విద్యుత్ కంపెనీ. స్తంభాలు పాతి తీగలు లాగింది. తర్వాత ఆ దారే నడకదారి అయింది. డబ్ల్యూ అండ్ ఓడీ ట్రయిల్ అని పిలిచే ఈ పార్కు పొడవు 72 కిలోమీటర్లు, వెడల్పు సుమారు వంద అడుగులు. ఒకే బాట మీద ఒక వందేళ్లు పాలు, ఇప్పుడు కరెంటు. ఆష్‌బర్న్ చరిత్ర అంతా ఆ వంద అడుగుల వెడల్పులో ఇమిడిపోయింది.

1962 నవంబరులో అధ్యక్షుడు కెనెడీ డల్లెస్ విమానాశ్రయాన్ని ప్రారంభించినప్పుడు చుట్టూ ఉన్నవి పొలాలే. ఎనభైల చివర నుంచి పాడి భూములు కాలనీలయ్యాయి. 1990లో 86 వేలున్న కౌంటీ జనాభా 2020 నాటికి 4 లక్షల 20 వేలు దాటింది. మధ్యస్థ కుటుంబ ఆదాయంలో అమెరికాలోనే మొదటి వరుసలో నిలిచే కౌంటీ ఇది. జనం వస్తే బడులు కట్టాలి, రోడ్లు వేయాలి. ఆ ఖర్చుకు ఇంటి పన్ను ఒక్కటే చాలదు. వ్యాపారం కావాలి. ఆ వ్యాపారం ఏ రూపంలో వచ్చిందన్నది తర్వాతి కథ.

కార్ల సెల్లారులో మొదలు

ఇంటర్నెట్ బాల్యంలో ఒక నెట్‌వర్క్ నుంచి మరో నెట్‌వర్కుకు సమాచారం చేతులు మారే కూడలులు కొన్నే ఉండేవి. వాటిలో ముఖ్యమైనది మే-ఈస్ట్. 1992లో మొదలైన ఈ కూడలి కొంతకాలం ఇక్కడికి దగ్గర్లోని టైసన్స్ కార్నర్‌లో, ఒక కార్యాలయ భవనం కింద కార్లు నిలిపే సెల్లారులో, సిమెంటు ఇటుకలతో కట్టిన ఒక గదిలో నడిచింది. ఆ రోజుల్లో ప్రపంచ ఇంటర్నెట్ రాకపోకల్లో పెద్ద వాటా దాని గుండానే సాగేది. తొంభైల నడుమ ఏఓఎల్ కంపెనీ ప్రధాన కార్యాలయాన్ని డల్లెస్ పక్కకు మార్చింది. 1998లో పుట్టిన ఈక్వినిక్స్ కంపెనీ, సెల్లారు గది స్థానంలో నెట్‌వర్కులన్నీ వచ్చి కలిసే భవనం ఒకటి ఆష్‌బర్న్‌లో కట్టింది. ఒకరు వస్తే వాళ్లతో కలవడానికి మరొకరు, ఆ ఇద్దరి కోసం ఇంకొకరు. సంతకు జనం చేరినట్టు నెట్‌వర్కులు చేరాయి. డాట్‌కామ్ బుడగ పేలి కంపెనీలు మూతపడ్డా, నేల కింద పరిచిన ఫైబరు మాత్రం మిగిలింది.

అప్పటికి భూమి చవక, కరెంటూ చవక. భూకంపాల భయం తక్కువ, ఎత్తుపల్లాలు తక్కువ. పక్కనే విమానాశ్రయం, ఆ పక్కనే సమాఖ్య ప్రభుత్వం. 2008 తర్వాత డేటా సెంటర్లు కొనే సర్వర్లకు, ఇతర పరికరాలకు వర్జీనియా అమ్మకం పన్ను మినహాయించింది. కౌంటీ ఆర్థికాభివృద్ధి విభాగంలో 2007లో చేరిన బడ్డీ రైజర్ అనే అధికారి ఈ పరిశ్రమను ఒక్కో కంపెనీనీ పిలిచి మరీ తెచ్చారు. ఇక్కడి పత్రికలు ఆయన్ని డేటా సెంటర్ల పెద్దదిక్కుగా చెప్పుకుంటాయి.

ఇందులో కౌంటీ తెలివి ఒకటుంది. అమ్మకం పన్నులో ఎక్కువగా నష్టపోయింది రాష్ట్రం. సర్వర్ల మీద ఏటా వేసే ఆస్తి పన్ను మాత్రం కౌంటీదే. వంద డాలర్ల విలువకు 4.15 డాలర్లు. సర్వర్లు కొన్నేళ్లకే పాతబడతాయి, వాటి స్థానంలో కొత్తవి వస్తాయి, పన్ను పుంజుకుంటుంది. పైగా సర్వర్లు బడికి వెళ్లవు, ట్రాఫిక్కులో ఇరుక్కోవు. జేలార్క్ లెక్కలో ఒక స్థానిక ప్రభుత్వ రాబడిలో 31 శాతం దాకా డేటా సెంటర్ల నుంచే వస్తోంది. ఈ పరిశ్రమకు కేంద్రం లౌడనే.

ఆ డబ్బు ఇళ్లకూ చేరింది. 2010 ప్రాంతంలో లౌడన్‌లో ఇంటి పన్ను వంద డాలర్ల విలువకు 1.30 డాలర్ల దగ్గర ఉండేది. 2025లో 80.5 సెంట్లకు దిగింది. 8 లక్షల డాలర్ల ఇంటికి పాత రేటైతే ఏడాదికి 10,400 డాలర్లు కట్టాలి, కొత్త రేటైతే 6,440 చాలు. దాదాపు నాలుగు వేల డాలర్ల తేడా. డేటా సెంటర్లు వద్దనే ప్రతి మాటకూ కౌంటీ సమావేశాల్లో ఎదురొచ్చే లెక్క ఇదే. ఇది నిజమైన లెక్క, దీన్ని పక్కనపెట్టి ఈ ఊరి గురించి మాట్లాడటం న్యాయం కాదు. మరి అదే సమావేశంలో ఇంటి పన్ను తగ్గినవాళ్లే లేచి నిలబడి, ఇక చాలు అని ఎందుకంటున్నారు?

మీటరుకు అందని మోత

మొదటి జవాబు చెవికి వినిపిస్తుంది. సర్వరు తాగిన కరెంటు చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి తోయడానికి కప్పు మీద చిల్లర్లనే శీతల యంత్రాలు, వాటి నిండా పెద్ద ఫ్యాన్లు. ఇవి ఏడాదిలో 365 రోజులూ, రాత్రీ పగలూ ఆగవు. వచ్చే చప్పుడు పెద్దదేం కాదు, పక్కన నిలబడి మామూలుగా మాట్లాడుకోవచ్చు. కానీ అందులో కింది స్థాయి మోత ఎక్కువ. పైస్థాయి కీచుధ్వనిని చెట్లు, గోడలు, గాలి చాలావరకు మింగేస్తాయి. కింది మోత అలా ఆగదు. చాలా దూరం పాకుతుంది, గోడలోంచి, అద్దంలోంచి పడగ్గదిలోకి వస్తుంది. పగలు ట్రాఫిక్కులో కలిసిపోయి, ఊరు సద్దుమణిగాక బయటపడుతుంది.

ఇక్కడే కొలతలో ఒక మెలిక ఉంది. శబ్ద నిబంధనలు చాలావరకు ఏ-వెయిటెడ్ డెసిబెల్ అనే కొలమానంతో రాసుకున్నవి. మనిషి చెవి కింది ధ్వనుల్ని తక్కువగా వింటుంది కాబట్టి, ఈ కొలత వాటి విలువను తగ్గించి చూపుతుంది. సెకనుకు వెయ్యి కంపనాల ధ్వనిని ఉన్నదున్నట్టు లెక్కిస్తుంది. 125 కంపనాల దగ్గర 16 డెసిబెల్స్, 63 కంపనాల దగ్గర 26 డెసిబెల్స్ తీసేస్తుంది. పది డెసిబెల్స్ తేడా అంటే ధ్వని శక్తిలో పదింతల తేడా. అందుకే అధికారి మీటరు పట్టుకుని వచ్చి అంతా పరిమితిలోనే ఉందంటాడు, ఇంటివాళ్లు నిద్ర పట్టడం లేదంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కింది ధ్వనులను అంతగా కోయని సీ-వెయిటెడ్ కొలత కూడా తీసుకోవాలని ఈ ప్రాంతపు కాలనీలు పట్టుబట్టడం అందుకే.

ఆష్‌బర్న్‌కు దక్షిణాన, ప్రిన్స్ విలియం కౌంటీలోని మనాసస్ దగ్గర గ్రేట్ ఓక్ అనే కాలనీ ఉంది. పక్కన అమెజాన్ డేటా సెంటర్లు లేచాక, 2022లో ఆ కాలనీ వాసుల ఫిర్యాదులు మొదలయ్యాయి. పడక నేలమాళిగలోకి మార్చుకున్నవాళ్లు, కిటికీలకు అదనపు అద్దాలు బిగించుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లే మీటర్లు కొని, రాత్రుళ్లు కొలతలు రాసుకుని, కౌంటీ ముందు పెట్టారు. చివరికి కంపెనీ కప్పు మీది ఫ్యాన్లకు శబ్దాన్ని అణిచే తొడుగులు వేయించింది. మోత కొంత తగ్గింది. అంతకన్నా పెద్ద ఫలితం మరొకటి: డేటా సెంటర్ కట్టకముందే దాని శబ్దాన్ని లెక్కగట్టాలన్న మాటకు ఆ కాలనీ బలమిచ్చింది. ఉత్తర వర్జీనియాలో ఏ సమావేశంలో శబ్దం ప్రస్తావన వచ్చినా ఈ రోజుకీ గ్రేట్ ఓక్ పేరు వినిపిస్తుంది.

జేలార్క్ ఈ శబ్దం వినికిడిని దెబ్బతీసే స్థాయిలో లేదంది. అయితే ఎడతెగని ఆ మోత బతుకు సుఖాన్ని దెబ్బతీస్తుందని ఒప్పుకుంది. రాష్ట్రంలోని డేటా సెంటర్లలో మూడో వంతు నివాస ప్రాంతాల దగ్గరే ఉన్నాయని, భూమి కరువైన కొద్దీ ఇళ్లకు ఇంకా దగ్గరవుతాయని కూడా చెప్పింది.

తీగలు, బిల్లులు

ట్రయిల్ మీద స్మిత్ స్విచ్ రోడ్డు వైపు నడిస్తే రెండో జవాబు తలెత్తి చూసేలా ఉంటుంది. డేటా సెంటర్ గోడ బాట పక్కనే లేస్తుంది, పై నుంచి తీగలు సబ్‌స్టేషన్‌లోకి దిగుతాయి. 2023లో వర్జీనియా వాడిన మొత్తం కరెంటులో సుమారు పావు వంతు డేటా సెంటర్లదే. 2022 జులైలో విద్యుత్ సంస్థ డొమినియన్ ఎనర్జీ, ఆష్‌బర్న్ ప్రాంతంలో కొత్త కనెక్షన్లకు కొన్నేళ్లు ఆగాల్సి రావచ్చని చెప్పింది. విద్యుత్తు లేక కాదు, మోసుకొచ్చే లైన్లు చాలక. ఆ తర్వాతే 500 కిలోవోల్టుల కొత్త లైన్ల పథకాలు వచ్చాయి. వాటిలో గోల్డెన్-మార్స్ అనే లైను మార్గం ఆష్‌బర్న్‌లో లౌడన్ వ్యాలీ ఎస్టేట్స్ పక్కగా గీశారు. భారతీయ కుటుంబాలు ఎక్కువగా ఉండే కాలనీ అది. ఇళ్ల పక్కన, బడి పక్కన టవర్లు వద్దు, తీగల్ని నేలలో పాతండి అన్నది వాళ్ల కోరిక. ఆ వోల్టేజీలో భూగర్భ లైనుకు ఖర్చు చాలా రెట్లు ఎక్కువ, కాలమూ ఎక్కువ అన్నది కంపెనీ జవాబు.

ఈ ప్రాంతానికి ఎంత కరెంటు అలవాటైందో 2024 జులై 10న ఒక్క క్షణంలో బయటపడింది. 230 కిలోవోల్టుల లైనులో లోపం వచ్చింది. వెంటనే దాదాపు 60 డేటా సెంటర్లు గ్రిడ్డును వదిలి తమ సొంత ఏర్పాట్ల మీదికి మారిపోయాయి. ఒక్కసారిగా 1,500 మెగావాట్ల వాడకం మాయమైంది. అదొక మహానగరం అంతా స్విచ్చి ఆపేసినంత పని. వాడేవాళ్లు లేక మిగిలిపోయిన కరెంటును సర్దడానికి గ్రిడ్డు నిర్వాహకులు హడావుడిగా ఉత్పత్తి తగ్గించాల్సి వచ్చింది.

ఇంత భారీ కొత్త లైన్లకు డబ్బు ఎవరు పెట్టాలన్నది ఇళ్లవాళ్ల ప్రశ్న. దానికి పాక్షికంగానైనా జవాబు 2025 నవంబరులో వచ్చింది. 25 మెగావాట్లు, ఆపైన వాడే వినియోగదారులను విడి తరగతిగా చేసి, వాళ్లు కోరిన సామర్థ్యంలో ఎక్కువ భాగానికి, వాడినా వాడకున్నా, 14 ఏళ్లు డబ్బు కట్టేలా రాష్ట్ర విద్యుత్ నియంత్రణ సంఘం ఆదేశించింది. 2027 నుంచి అది అమల్లోకి వస్తుంది.

నీటి సంగతి వేరు. ఇక్కడ లౌడన్ చేసిన మంచి పని ఒకటి చెప్పుకోవాలి. రోడ్ల పక్కన కొన్నిచోట్ల ఊదా రంగు మూతలు, ఊదా రంగు పైపులు కనిపిస్తాయి. ఇళ్ల మురుగును బ్రాడ్ రన్ కేంద్రంలో శుద్ధి చేసి, తాగునీటి జోలికి పోకుండా డేటా సెంటర్లకు చల్లదనం కోసం పంపే గొట్టాలవి. ఆ కేంద్రం 2008 నుంచి నడుస్తోంది. అయినా ఊదా గొట్టం ప్రతి గేటు దాకా వెళ్లలేదు. వెళ్లని చోట పొటోమాక్ నది తాగునీరే వాడాలి. చాలా డేటా సెంటర్లు ఒక పెద్ద కార్యాలయ భవనం వాడినంతో, అంతకన్నా తక్కువో నీరే వాడతాయని, కొన్ని మాత్రం చాలా ఎక్కువ తాగుతాయని జేలార్క్ తేల్చింది.

ఇరవై ఏడు గంటల సభ

పొరుగువారి మాటకు విలువెంత అన్న ప్రశ్న తీవ్రరూపం దాల్చింది ప్రిన్స్ విలియం కౌంటీలోనే. అమెరికా అంతర్యుద్ధంలో 1861లో ఒకసారి, 1862లో మరోసారి సైన్యాలు తలపడ్డ మనాసస్ రణభూమి ఇప్పుడు జాతీయ పార్కు. దాన్ని ఆనుకుని 2,100 ఎకరాల్లో డిజిటల్ గేట్‌వే పేరుతో రెండు కోట్ల చదరపు అడుగులు మించిన డేటా సెంటర్లు కట్టాలన్నది ప్రతిపాదన. అక్కడి పొలాల యజమానుల్లో చాలామంది తామే ముందుకొచ్చి అమ్ముతామన్నారు. టవర్లు ఎప్పుడో తమ పొలాల్లోకి వచ్చాయి, పల్లెతనం ఎప్పుడో పోయింది, ఇప్పుడైనా మంచి ధర రానివ్వండి అన్నది వాళ్ల వాదన. వాళ్ల కష్టమూ కష్టమే. పక్క కాలనీల వాళ్లు, చరిత్రను ప్రేమించేవాళ్లు ఒప్పుకోలేదు. 2023 జూన్‌లో పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే, పథకాన్ని సమర్థించిన పాలక మండలి అధ్యక్షురాలు ఆన్ వీలర్ ఓడిపోయారు.

కొత్త మండలి రాకముందే, డిసెంబరు 12న పాత మండలి సమావేశమైంది. ఉదయం మొదలైన సభ రాత్రంతా సాగి మరునాడు మధ్యాహ్నానికి గానీ ముగియలేదు. సుమారు 27 గంటలు. వందల మంది వరుసలో నిలబడి తమ వంతు కొద్ది నిమిషాలు మాట్లాడారు. చివరికి 4-3 ఓట్లతో అనుమతి వచ్చింది. 2025 ఆగస్టులో న్యాయమూర్తి ఆ అనుమతిని కొట్టేశారు. కారణం పత్రికా ప్రకటన: సభకు ముందు వార్తాపత్రికలో ఇవ్వాల్సిన ప్రకటన చట్టం చెప్పిన తీరులో ఇవ్వలేదు. కోట్ల డాలర్ల పథకాన్ని ఆపింది పత్రికలో పడాల్సిన చిన్న నోటీసు. ఊరికి ముందుగా చెప్పడం అనే పనికి ఇంతకన్నా పెద్ద గౌరవం ఏముంటుంది? కేసు పై కోర్టుకు వెళ్లింది.

లౌడన్‌లోనూ మార్పు వచ్చింది. అంతకుముందు కౌంటీలోని కొన్ని ప్రాంతాల్లో, భూవినియోగ నిబంధనలు (జోనింగ్) అనుమతిస్తే చాలు, బహిరంగ విచారణ లేకుండానే డేటా సెంటర్ కట్టుకునే వీలుండేది. పక్కింటివాళ్లకు ఆ సంగతి తెలిసేది తవ్వకం యంత్రాలు వచ్చాకే. 2025 మార్చి 18న కౌంటీ పాలక మండలి ఆ వెసులుబాటును తీసేసింది. ఇక ప్రతి కొత్త డేటా సెంటరూ ప్రత్యేక అనుమతికి రావాలి, జనం ముందు చర్చకు రావాలి. అయితే అప్పటికే అనుమతి పొందినవి చాలా ఉన్నాయి. ఇళ్లకు, బడులకు 500 అడుగుల లోపు శబ్దం ఎంత ఉంటుందో ముందే అంచనా వేయించాలన్న రాష్ట్ర బిల్లును 2025 మేలో అప్పటి గవర్నరు తిరస్కరించారు. ఆ ఏడాది నవంబరు ఎన్నికల్లో ఉత్తర వర్జీనియాలో డేటా సెంటర్లు ప్రచారాంశమయ్యాయి. అదే ఎన్నికలో లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచి, రాష్ట్ర సెనేటుకు అధ్యక్షత వహించే స్థానంలోకి వచ్చిన గజాలా హష్మీ పుట్టింది హైదరాబాదులోనే.

ఇక్కడి పాఠం, మనకు

2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి, గిగావాట్ స్థాయి డేటా సెంటర్ల కేంద్రం కడతామని ప్రకటించింది. అందుకు ఎంచుకున్న తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు అప్పుడే వినిపించాయి. హైదరాబాదు చుట్టూ చందనవెల్లి, మేకగూడ ప్రాంతాల్లో ఇప్పటికే పెద్ద కంపెనీల డేటా సెంటర్లు వచ్చాయి. పెట్టుబడి రావాలి, అందులో రెండో మాట లేదు. ఆష్‌బర్న్ బడులు, గ్రంథాలయాలు, రోడ్లు చూసినవారు ఈ పరిశ్రమ ఇవ్వగలిగినదాన్ని తక్కువ చేయలేరు. కానీ రెండున్నర లక్షల చదరపు అడుగుల భవనంలో రోజూ పనిచేసేది సుమారు 50 మందేనని జేలార్క్ చెప్పిన లెక్కను, కట్టేటప్పుడు వచ్చే వేల ఉద్యోగాల లెక్కతో కలిపి చదువుకోవాలి.

ఈ ప్రాంతంలో వచ్చిన ప్రతి మంచి నియమమూ గోడ లేచాకే వచ్చింది. తొడుగులు మోత మొదలయ్యాక వచ్చాయి, విచారణ రెండు వందల భవనాల తర్వాత వచ్చింది, కరెంటు ఖర్చు పంపకం బిల్లులు పెరిగాక వచ్చింది. కాస్త ముందుచూపుతో వేసిన ఊదా గొట్టం ఒక్కటే ఇందుకు మినహాయింపు, అందుకే అదొక్కటే తగువు లేని చోట నిలిచింది. చివరి ఇంటికీ మొదటి చిల్లరుకూ మధ్య దూరమెంత, రాత్రి మోతను ఏ కొలమానంతో కొలుస్తారు, జనరేటర్లను ఏ వేళ పరీక్షిస్తారు, తీగలు ఎవరి ఇంటి మీదుగా వెళ్తాయి, నీరు ఎక్కడిది, లైన్ల ఖర్చు ఎవరిది: ఈ ప్రశ్నలన్నిటికీ లౌడన్ ఇరవై ఏళ్లు తీసుకుని జవాబులు వెతుక్కుంది. మనకు ఆ ఇరవై ఏళ్లు అవసరం లేదు, జవాబులు ఇక్కడ రాసిపెట్టి ఉన్నాయి.

చూడాలనుకునేవారికి దారి సులభం. వాషింగ్టన్ నడిబొడ్డు నుంచి మెట్రో సిల్వర్ లైను డల్లెస్ మీదుగా ఆష్‌బర్న్ దాకా వెళ్తుంది. ఈ చివరి భాగం 2022 నవంబరు 15న తెరుచుకుంది. ప్రయాణం గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది. డల్లెస్ తర్వాతి లౌడన్ గేట్‌వే స్టేషన్ దాటేటప్పుడు కిటికీ పక్కన కూర్చుంటే డేటా సెంటర్లు, సబ్‌స్టేషన్లు బాగా కనిపిస్తాయి. భవనాల్లోకి బయటివారిని రానివ్వరు. ట్రయిల్ మీద నడవడానికి, సైకిలు తొక్కడానికి టికెట్టు లేదు. మనాసస్ రణభూమి పార్కుకు ప్రవేశం ఉచితం, కారులో ముప్పావు గంట దూరం. లీస్‌బర్గ్‌లోని కౌంటీ కార్యాలయంలో జరిగే పాలక మండలి సమావేశాలకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు.

వీలైతే డేటా సెంటర్ దరఖాస్తు చర్చకు వచ్చే రోజు చూసుకుని వెళ్లండి. పేరు నమోదు చేసుకున్నవారు ఒక్కొక్కరే మైకు దగ్గరికి వచ్చి తమ వీధి పేరు, ఇంటికీ స్థలానికీ మధ్య దూరం చెప్పి మొదలుపెడతారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉంటారు. ఆ కొద్ది నిమిషాల హక్కు విశాఖ శివార్లలోని రైతుకూ, రంగారెడ్డి జిల్లా గ్రామస్థుడికీ శంకుస్థాపనకు ముందే దక్కాలి. ఆష్‌బర్న్ సంపదతో పాటు మనం తెచ్చుకోవలసింది ఆ మైకును కూడా.